ఆత్మకథ అచ్చయ్యాక వచ్చే అభిప్రాయాలతో ఎలా వేగాలి?

ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి దిగినవాణ్ని. అందులో సగం ఉద్యోగం అనంతపురం నుంచి కూడేరు మీదుగా ఉరవకొండ పోయే రూటులోనే గడిచింది. చిల్లర దగ్గర, సీటు దగ్గర, ఆపని స్టాపు దగ్గర ఎవరో ఒకరితో మాట పడకుండా ఇల్లు చేరిన రోజు లేదు. అందుకే పోయిన ఏడాది నా జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించినప్పుడు, ఎవరేమన్నా నాకేం కాదులే అనుకున్నాను.

మొదటి ఫోను ఒక పాత డ్రైవరు నుంచి వచ్చింది. "చదివినాను సామీ. బస్సు సంగతులు బాగుండాయి. ఇంటి సంగతులే సాగదీసినావు" అన్నాడు. అంతే. ఆ పూట అన్నం సయించలేదు. ఆయన సాగదీశావన్న చోట మా అమ్మ చావు ఉంది.

బస్సులో తిట్లన్నీ ఖాకీ చొక్కాకు తగిలేవి. పుస్తకంలో ఆ చొక్కా లేదు. మీరూ మీ బతుకు గురించి పుస్తకం రాసి ఉంటే, లేదా రాసింది అచ్చుకు ఇవ్వబోతుంటే, ఈ ఏడాదిలో నేను దెబ్బలు తిని నేర్చుకున్న పద్ధతి కొంచెం పనికొస్తుందేమో చూడండి.

కట్ట విప్పగానే రెండు పనులు

ప్రెస్సు నుంచి పుస్తకాలు రాగానే మొదటి కట్టలోంచి ఒక ప్రతి తీసి, అట్ట మీద "దిద్దుబాటు ప్రతి" అని పెద్ద అక్షరాలతో రాసి బీరువాలో పెట్టండి. పక్కన ఒక ఎర్ర పెన్ను. అది ఎవరికీ ఇచ్చేది కాదు, కలెక్టరు వచ్చి అడిగినా సరే. నేను 500 వేయించి, ఆవిష్కరణ రోజు మొహమాటానికి ఆ ప్రతి కూడా ఒక అతిథి చేతిలో పెట్టాను. అప్పటికే అందులో పన్నెండు తప్పులు దిద్ది ఉన్నాయి. అవన్నీ మళ్లీ మొదటినుంచి వెతుక్కున్నాను.

రెండోది ఒక 200 పేజీల నోట్‌బుక్. తేదీ, ఎవరు, ఫోనా ఉత్తరమా మనిషే వచ్చి చెప్పాడా, ఏ పేజీ గురించి, ఏమన్నారు, జవాబు ఇచ్చానా లేదా. ఆరు గడులు చాలు. "ఏమన్నారు" అన్న గడిలో మాత్రం వాళ్ల మాటే రాయండి. "బాగుందన్నారు" అని మీ మాటల్లో కుదించి రాస్తే రెండు నెలల తర్వాత దానికి విలువ ఉండదు. స్టేజీ దాటగానే టికెట్ నంబర్లు రాసుకోకపోతే డిపోలో రాత్రి లెక్క తేలదు. ఇదీ అంతే.

మొదటి నెల ఎవరూ ఏమీ అనరు

ఆవిష్కరణ సభలో అందరూ అంటారు. శాలువా కప్పుతారు, దండ వేస్తారు. మా సభలో నలుగురు మాట్లాడారు. అందులో ముగ్గురు ముందుమాట దాటి లోపలికి రాలేదని నాకు అక్కడే తెలిసిపోయింది. ముందుమాటలో మా ఊరి పేరు తప్పు పడింది, ముగ్గురూ ఆ తప్పు పేరే చెప్పారు.

తర్వాత నిశ్శబ్దం. ఊరికే ఇచ్చిన పుస్తకం చాలా ఇళ్లల్లో టీవీ పక్కన చేరుతుంది. నాకు ఆ నిశ్శబ్దం పడలేదు. శ్రీకంఠం సర్కిల్ దగ్గర ఎవరు కనిపించినా "చదివినారా?" అని అడగడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు తెలిసినవాళ్లు నన్ను చూసి రోడ్డు దాటి అవతలి పక్కకు పోతున్నారు. అప్పు ఇచ్చినవాడు ఎదురైనట్టు అయింది వాళ్లకు.

"చదివారా?" అని అడగొద్దు. అంతగా ఆగలేకపోతే పుస్తకం ఊసెత్తకుండా అందులోని ఒక సంగతి ఎత్తండి. "కూడేరు దాటినాక వానలో బస్సు ఆగిపోయింది, గుర్తుందా?" అంటే చదివినవాడు తానే అందుకుంటాడు. చదవనివాడు ఇబ్బంది పడడు, ఆ రాత్రి తెరిచి చూసినా చూడొచ్చు.

మాట వచ్చిన రోజే జవాబు వద్దు

తిట్టుకే కాదు, పొగడ్తకు కూడా. ఒకాయన "మీ కలంలో సత్తా ఉంది" అని రాస్తే ఆ రాత్రే నాలుగు పేజీల జవాబు రాసి, రాబోయే మూడు పుస్తకాల గురించి చెప్పేశాను. ఆయన మళ్లీ రాయలేదు.

నోట్‌బుక్‌లో ఎక్కించి మూసేయండి. మూడు రాత్రులు ఆగండి. మొదటి రాత్రి మీరు ఆలోచించేది ఆ మనిషి గురించి: వాడెవడు నాకు చెప్పడానికి, వాడి ముఖానికి ఒక ఉత్తరమైనా రాశాడా. రెండో రాత్రి పుస్తకం తెరుస్తారు, కానీ వాడిది తప్పని చూపించడానికి. మూడో రాత్రికి గానీ ఆ పేజీని పేజీగా చదవరు. డ్రైవరు మాట మీద నాకు మూడో రాత్రి రావడానికి నిజానికి నెల పట్టింది. ఈలోపు మరో ఇద్దరు, ఒకరికొకరు తెలియనివాళ్లు, ఆ అధ్యాయం దగ్గరే నసిగారు. చూస్తే అమ్మ గురించి రాసింది 22 పేజీలు. అందులో తొమ్మిది పేజీలు ఆసుపత్రి ఖర్చు ఎంతయింది, చూడ్డానికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు. డ్రైవరు అమ్మ చావును ఏమీ అనలేదు. ఆ తొమ్మిది పేజీల కోపాన్ని అన్నాడు.

శైలి మీద, పొడవు మీద వచ్చే మాటలకు అప్పటినుంచి నేను పెట్టుకున్న లెక్క ఇదే: ఒకరు అంటే రాసిపెట్టుకో, ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకే చోటు చూపిస్తే ఎర్ర పెన్ను తీయి.

ఏ మాట ఏ గంపలో వేయాలి

శాలువా మాటలు ఉంటాయి: "అద్భుతం, చేయి తిరిగిన రచయితలా రాశారు". సంతోషంగా పుచ్చుకోండి, అక్కడితో వదిలేయండి.

ముద్రారాక్షసాలు చూపించేవాళ్లు ఉంటారు. ఒక రిటైర్డు అయ్యవారు పేజీ, వరుస నంబర్లతో సహా 43 తప్పులు ఉత్తరంలో పంపారు. తల తీసేసినట్టయింది. తర్వాత గమనించాను, 43వది చివరి పేజీలోది. నా పుస్తకం ఆఖరి దాకా చదివారని నేను ప్రమాణం చేసి చెప్పగల మొదటి మనిషి ఆయనే. అలాంటివి నేరుగా దిద్దుబాటు ప్రతిలోకి, చదివినాయనకు వెంటనే ఒక దండం. మూడు రాత్రుల నియమం దీనికి వద్దు.

ఇంకొకరకం, నేను మొదట అస్సలు అర్థం చేసుకోనిది. వీళ్లు మీ పుస్తకం గురించి ఏమీ చెప్పరు. "మా నాయన కూడా అంతే సార్" అని మొదలుపెట్టి వాళ్ల కథ చెప్తారు. నా పుస్తకం గురించి చెప్పమంటే వీళ్ల సొద ఏందప్పా అని విసుక్కునేవాణ్ని. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె ఫోను చేసి నలభై నిమిషాలు మాట్లాడింది. బిడ్డకు ఫిట్స్ వస్తే రాత్రి ఆఖరి బస్సులో అనంతపురం పెద్దాసుపత్రికి తెచ్చిందట. చేతిలో డబ్బు సరిపోలేదు. కండక్టరు ఆమె దగ్గరికి రాకుండా రెండు సార్లు పక్క సీట్ల నుంచే వెనక్కి తిరిగి పోయాడట. ఆసుపత్రి దగ్గర స్టాపు లేకపోయినా బెల్లు కొట్టి ఆపించాడట. "ఆ కండక్టరు మీరు కాదని తెలుసన్నా. మీరే అనుకుని చదివినాను" అంది. ఇలాంటి ఫోను వచ్చినప్పుడు మీరు చేయాల్సింది ఒకటే, నోరు మూసుకుని వినడం. మధ్యలో "నేను కూడా 58వ పేజీలో ఇదే రాశానమ్మా" అని మాత్రం అనకండి. నేను అన్నాను. ఆమె "అవునా" అని ఆగిపోయింది.

మీ జ్ఞాపకమే తప్పని ఎవరైనా అంటే

దీని దగ్గర కాసేపు ఆగాలి.

మా జేజి, అంటే నాయనమ్మ, ఎప్పుడూ "ధాతలో నా పెద్దబిడ్డ పాయె" అనేది. ధాత కరువు గురించి నేను చదువుకున్నాను. 1876–78 నాటి మహా కరువు, మన సీమలో తరతరాలుగా చెప్పుకునేది. రెండూ కలిపి పేజీన్నర రాశాను. ఎండిన చెరువు, గంజి కోసం వరుస, పాలు లేని రొమ్ము. సభలో ఆ పేజీనే చదివించారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

కడప నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కోపం లేదు, ఎగతాళి లేదు, లెక్క మాత్రమే ఉంది. మీ జేజి ఎనభై దాటి 1986లో పోయిందని 14వ పేజీలో రాశారు, అంటే ఆమె పుట్టింది 1900 తర్వాత. ధాత కరువు ఆమె ఎలా చూస్తుంది? అయితే తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా, 1876 ఉగాదికి వచ్చిన ధాత మళ్లీ 1936 ఉగాదికి వచ్చింది, మీ జేజి చెప్పిన ధాత అదేమో చూడండి. ఇంతే ఉత్తరం.

మొదటి రాత్రి సిగ్గేసింది. సభలో కళ్లు తుడుచుకున్నవాళ్లు గుర్తొచ్చారు. రెండో రాత్రి, కరువులో బిడ్డ చచ్చిపోయిందంటే సంవత్సరాలు లెక్కేసే మనిషి ఏం మనిషి అని తిట్టుకున్నాను. మూడో రాత్రి పంచాంగం తీసి ప్రభవ నుంచి వేళ్లు మడిచాను. ఆయనదే రైటు.

మరునాడు బస్సెక్కి మా మేనత్త దగ్గరికి పోయాను. ఆమెకు తొంభై దాటాయి. వినికిడి లేదు గానీ మాట స్పష్టం. ధాతలో పోయిన బిడ్డ గురించి చెవి దగ్గర అరిచి అడిగితే, "కరువు యాడిదిరా? జరమొచ్చి పోయింది. పన్నెండేండ్ల పిల్ల. అప్పుడు నేను వొళ్లోబిడ్డని, మీ నాయనకు ఆరేండ్లంట. అక్క యాడికి పోయిందని నెల దినాలు వాకిట్లో కూచున్నాడంట. అమ్మ చెప్పేది" అంది.

నా పుస్తకం 31వ పేజీలో మా నాయన గురించి మొదటి వాక్యం: "ఎవరి కోసమూ ఎదురు చూడని మనిషి."

కాబట్టి ఎవరైనా మీ జ్ఞాపకం తప్పు అంటే ఇట్లా చేయండి. ముందు వయసులు లెక్కవేయండి, అందులోనే సగం తేలిపోతుంది. పాతకాలం వాళ్లు తెలుగు సంవత్సరం పేరు చెప్తే అది ఏ అరవైలోదో చూడండి. బడి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీని నమ్మొద్దు, అది చేర్పించిన రోజు అయ్యవారికి తోచిన తేదీ. పొలం కాగితాల మీద తేదీలు కొంత నయం. ఆ తర్వాత ఇంట్లో బతికున్న పెద్దవాళ్ల దగ్గరికి పోండి, ఫోను కాదు, మనిషిగా. ఆఖరున మీరు రాసిన వాక్యంలో "జేజి చెప్పింది" ఎంత, మీరు కలిపింది ఎంత అని విడదీయండి. నా పేజీన్నరలో జేజిది నాలుగు మాటలు.

పుస్తకంలో పేరున్నవాళ్లు అలిగితే

ఇది పుస్తకం రాకముందే చేయాల్సిన పని. ఎవరి గురించి రాశారో ఆ పేజీలు వాళ్లకు చదివి వినిపించాలి. ఒప్పుకోమని అడగడానికి కాదు, పదిమందిలో తెలియకుండా ముందే తెలియడానికి. నేను చేయలేదు.

అన్నదమ్ముల భాగాలప్పుడు బోరున్న చేను చిన్నాయనకు పోయింది. అదెట్లా పోయిందో నేను నాకు గుర్తున్నట్టు రాశాను. చిన్నాయన చదవలేడు, కొడుకు చదివి వినిపించాడు. తర్వాత ఆ ఇంట్లో పెళ్లయితే కార్డు మాకు వేరేవాళ్ల చేత వచ్చింది. నేను చేసిన తెలివితక్కువ పని, వాట్సాప్‌లో పెద్ద సంజాయిషీ పంపడం. సాయంత్రానికి అది మా బంధువుల గ్రూపులన్నీ తిరిగింది.

పోండి. ఒంటరిగా, పగటిపూట, చేతిలో పుస్తకం లేకుండా. "నేను నిజమే రాసినాను" అనే మాట గడప బయట వదిలేయండి. "నీకెట్ల గుర్తుంది?" అని అడిగి ఊరుకోండి. నేను పోయిన రోజు చిన్నాయన ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చాను. ఆ రోజుకు అదే ఎక్కువ.

ఎవరైనా లాయరు నోటీసు దాకా పోతే మాత్రం మీరు సొంతంగా జవాబు రాయకండి, మీరూ లాయరు దగ్గరికే పోండి. ఇదివరకు ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉన్న పరువునష్టం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోకి వచ్చింది. రుజువైతే రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సింది, అందులో "నిజమే కదా" అన్నదొక్కటే చాలదు. ఆ నిజం చెప్పడం ప్రజల మేలుకు అని కూడా చూపాలి. పోయినవాళ్ల గురించే రాశాం అనుకున్నా, వాళ్ల ఇంటివాళ్ల మనసు నొప్పించాలని రాశారని తేలితే అదీ లెక్కలోకి వస్తుంది. మా చిన్నాయన బోరు ప్రజల మేలు కిందికి వస్తుందో రాదో నాకైతే తేలలేదు.

పత్రికలో సమీక్ష వస్తే

రెండు ప్రతులు పంపండి, మర్చిపోండి. వస్తే కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించండి. రాసినాయనకు ఫోను చేసి "ఆ మాట ఎందుకన్నారు" అని అడగొద్దు. నా పుస్తకానికి ఎనిమిది వరుసలు వచ్చాయి, అందులో ధర, పేజీలు, నా ఫోను నంబరు పోగా మిగిలింది మూడు.

చిల్లర బాకీ

చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చేవాళ్లం, గుర్తుందా? దిగేటప్పుడు అడిగి తీసుకునేవాళ్లు కొందరు, మర్చిపోయి దిగిపోయేవాళ్లు కొందరు. మర్చిపోయినవాళ్ల డబ్బు సంచిలో ఉంటే రాత్రి నాకు బరువుగానే ఉండేది. పాఠకుడి ఉత్తరానికి జవాబు కూడా అలాంటి బాకీ. మూడు రాత్రులు అన్నాను గానీ మూడు నెలలు అనలేదు. నోట్‌బుక్‌లో ఆఖరి గడి ఖాళీగా ఉన్నవి ఆదివారం పూట చూసుకుని తీర్చేయండి. పోస్టుకార్డు చాలు. వాళ్లన్న మాటల్లో ఒకదాన్ని పట్టుకుని రాయండి: "మీరు ధాత గురించి రాసింది నిజం, మా మేనత్త చెప్పింది ఇది." వాదన వద్దు, తరువాతి పుస్తకం ప్రచారం అసలే వద్దు. తిట్టి రాసినవాళ్లకు "చదివినందుకు సంతోషం, ఆ పేజీ మళ్లీ చూస్తాను" అంటే సరిపోతుంది. కానీ నిజంగా చూడాలి.

మిగిలిన ప్రతులకు తప్పొప్పుల పట్టిక

ఇంట్లో ఇంకా పుస్తకాలు మిగిలి ఉంటే రెండో ముద్రణ దాకా ఆగనక్కర్లేదు. ఒక చిన్న కాగితం మీద తప్పొప్పుల పట్టిక అచ్చు వేయించి లోపల పెట్టండి. రెండో ముద్రణలో అచ్చుతప్పులు మాత్రమే దిద్దితే పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చిన పాత ఐఎస్‌బీఎన్ నంబరే నడుస్తుంది. అధ్యాయాలు మార్చి రాస్తే అది కొత్త కూర్పు, కొత్త నంబరు తీసుకోవాలి. మన దేశంలో ఆ నంబరుకు డబ్బు కట్టే పని లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

ఏది దిద్దాలి, ఏది వదిలేయాలి? వాస్తవం తప్పయితే దిద్దండి. మనుషుల మీద మీ అప్పటి అభిప్రాయాన్ని మాత్రం ఎవరి మొహమాటానికీ తుడిచేయకండి, కావాలంటే కింద మరో మాట చేర్చండి. ధాత పేజీన్నర నేను తీసేశాను. 31వ పేజీ మొదటి వాక్యం తీయలేదు, దాని కింద వాకిట్లో కూర్చున్న ఆరేళ్ల పిల్లవాణ్ని చేర్చాను. అమ్మ అధ్యాయం 13 పేజీలయింది.

పట్టిక ప్రెస్సుకు పోయేలోపల ఒక సాయంత్రం ఫోను మోగింది. చిన్నాయన మనవరాలు, ఇంటర్ చదువుతోంది. మజ్జిగ తాగి వచ్చి అప్పటికి ఆరు నెలలు. "పెద్దనాయనా, అబ్బ నీకు ఒకటి చెప్పమంటాండాడు" అంది. నాకు టెన్షన్ పట్టుకుంది. వెనక చిన్నాయన గొంతు వినిపిస్తోంది, ఆ పాప మాట మాటకూ తిప్పి చెప్తోంది. భాగాల గురించి కాదు, రాయించుకోవడం గురించి కాదు. బోరు లోతు తప్పు రాశానట. దగ్గరుండి వేయించింది తానట, రాళ్లు పడి రెండు రోజులు ఆగింది కూడా నాకు తెలియదట.

దిద్దుబాటు ప్రతి తీసి ఎర్ర పెన్నుతో రాశాను. పట్టికలో అది ఏడోది: పేజీ 112, వరుస 9, "180 అడుగులు" అన్నచోట "220 అడుగులు" అని చదువుకోవాలి.